డిసెంబరు వడదెబ్బ

మొదటిసారి గుండె తడబడినప్పుడు నేను పరుగు ఆపలేదు. ఆపాలని కూడా తోచలేదు. మార్కాపురం కాలేజీ మైదానంలో మూడో చుట్టు మలుపు తిరుగుతున్నాను. ఛాతీలో ఏదో చటుక్కున ఆగి, ఆ వెంటనే లోపలి నుంచి గట్టిగా ఒక్క పోటు కొట్టినట్టయింది. ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తే అక్కడ మెట్టు లేనప్పుడు ఒళ్ళు ఎలా ఝల్లుమంటుందో, అలా. నాలుగడుగులు వేసేసరికి అంతా మామూలైపోయింది. చలి వల్ల అనుకున్నాను. ఏమీ తినకుండా టీ తాగి వచ్చాను, దానివల్ల అనుకున్నాను.

అది నవంబరు. కానిస్టేబుల్ ఉద్యోగానికి మొదటి రాతపరీక్ష పాసయి, ఈవెంట్స్ కోసం, అంటే పరిగెత్తడం, దూకడం లాంటి దేహ పరీక్షల కోసం తయారవుతున్న రోజులు. కొత్త సంవత్సరం వచ్చాక ఒంగోలులో పెడతారన్నారు. పదహారు వందల మీటర్లు పరిగెత్తాలి. అది దాటితేనే చివరి రాతపరీక్షకు పిలుపు. సురేష్ అన్న మాకందరికీ ఆ మైదానంలో పొద్దున్నే పరుగు నేర్పేవాడు. ఆయన కూడా ఒకప్పుడు అదే ఉద్యోగానికి ప్రయత్నించి, వయసు దాటిపోయి ఆగిపోయిన మనిషి. మా దగ్గర ఏమీ తీసుకునేవాడు కాదు, కానీ ఆలస్యంగా వస్తే మాత్రం లోపలికి రానిచ్చేవాడు కాదు.

కురిచేడు వైపు పోయే రైలు పట్టాల పక్కన మా ఊరు. తెల్లారేసరికి మార్కాపురం చేరాలంటే బస్సు లేదు. అందుకని నాయన నన్ను బండి మీద తీసుకొచ్చేవాడు. నా పరుగు అయిందాకా మైదానం అంచున కూర్చుని చూసి, అటునుంచి అటే పనికి పోయేవాడు. ఆయన పేరు ప్రకాశరావు. మార్కాపురం గోడౌన్లలో బస్తాలు ఎత్తే ముఠాలో మనిషి. కందుల కాలం వస్తే లారీ వెనక లారీ. మెడ వెనక గోతాలు రాసుకుని రాసుకుని చర్మం మొద్దుబారి ఉండేది. ఒక్క రోజు కూడా ఒంట్లో బాగాలేదని ఇంట్లో పడుకోవడం నేను చూడలేదు.

వారం తిరక్కుండానే మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత రోజు విడిచి రోజు. ఒకసారి పరుగు మొదట్లో, ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు. నొప్పి లేదు. కళ్ళు తిరగడం లేదు. కానీ అది వచ్చిపోయాక, మళ్ళీ ఎప్పుడొస్తుందోనన్న ఎదురుచూపు మొదలయ్యేది. నా కాళ్ళు మైదానంలో ఉండేవి, చెవులు మాత్రం నా ఛాతీలోకి తిరిగి ఉండేవి. పక్కన ఎవరు దాటిపోయారో కూడా తెలిసేది కాదు. తెలియకుండానే వేలు మెడ దగ్గరికి పోయి నాడి వెతుక్కునేది.

“ఏమ్మా దీవెనా, మొన్నటిదాకా అందరికంటే ముందుండేదానివి. ఇప్పుడు ఏంది ఇట్ల ఈడుస్తాన్నావు?” అన్నాడు సురేష్ అన్న ఒకరోజు.

“చలికి కాళ్ళు పట్టేస్తాన్నాయి అన్నా.”

అబద్ధం చెప్పడం తేలికే. ఫోన్ చూడకుండా ఉండడమే కష్టం. నా బాధను నాలుగు ముక్కల్లో రాసి వెతికితే, ఒకచోట ఇది ఏమీ కాదన్నారు. ఇంకోచోట ఆటలాడుతూ కుప్పకూలిన కుర్రాళ్ళ వీడియోలు వచ్చాయి. మొదటిది ఒక్కసారి చదివాను. రెండోవి మళ్ళీ మళ్ళీ చూశాను.

అలా చూస్తున్నప్పుడే జయపాల్ చిన్నాయన గుర్తొచ్చాడు. ఆయన్ను నేను చూడలేదు. నాయనకు తమ్ముడు. నేను పుట్టకముందే, పెళ్ళి కూడా కాకముందే, వాలీబాల్ ఆడుతూ పడిపోయి చనిపోయాడు. “వడదెబ్బ కొట్టి పోయినాడు.” మా ఇంట్లో ఆయన గురించి ఎవరడిగినా వచ్చే మాట అదొక్కటే. చిన్నప్పటి నుంచి విన్న మాట కాబట్టి దాన్ని గురించి ఆలోచించే పని నాకు ఎప్పుడూ పడలేదు.

ఆ ఆదివారం ఏసు ప్రార్థన అయ్యి గుడి నుంచి వచ్చాక, వసారాలో చింతపండు గింజలు తీస్తున్న జేజి దగ్గర కూర్చున్నాను. జేజి అంటే నాయన తల్లి, మగ్దలీనమ్మ.

“ఏంది మే, మాటిమాటికీ గొంతు పట్టుకుంటావు? పుండేమన్నా అయిందా?” అంది.

“ఏం లేదు జేజీ.” చెయ్యి దించేశాను. “చిన్నాయన ఆ రోజు ఎట్ల పోయినాడు?”

జేజి చేతులు కాసేపు ఆగాయి. “ఇప్పుడెందుకే ఆ మాట?”

“ఊరికే.”

“బడికాడ ఆటలు పెట్టినారు పండగకి. బంతి కొట్టబోయి పైకి ఎగిరినాడంట. కింద కాళ్ళానేటప్పటికే మనిషి లేడంట. నన్ను పిలవడానికి వచ్చినోళ్ళు నీళ్ళు తీసుకురమ్మన్నారు. నేను బిందెతో నీళ్ళు మోసుకుంటా పోయినా.”

“ఏ పండగ జేజీ?”

“మనకింకేం పండగే, క్రిస్మస్.”

ఆ మాట అనేసి ఆమె మళ్ళీ గింజలు తీయడంలో పడింది. తానేమన్నదీ ఆమెకు వినిపించినట్టు లేదు. ఇరవై ఏళ్ళకు పైగా వడదెబ్బ అంటూ వచ్చిన మనిషే, అదే నోటితో క్రిస్మస్ అంది. నేను లేచి దొడ్లోకి పోయి నిలబడ్డాను.

మర్నాడు మైదానంలో రెండో చుట్టుకే వచ్చింది. ఒకదాని వెనక ఒకటి, రెండు మూడు. నేను దారి మధ్యలోనే ఆగి, పక్కకు జరిగి కింద కూర్చుండిపోయాను. నాయన మైదానానికి అడ్డంగా పరిగెత్తుకుంటూ వచ్చాడు.

“ఏందమ్మా? కాలు మడతపడిందా?”

“లేదు నాయనా. గుండె తడబడతాంది.”

ఆయన నా ముందు గొంతుక్కూర్చున్నాడు. మొహంలోకి చూశాడు. చెయ్యి ఎక్కడ వెయ్యాలో తెలియక నా పాదం పట్టుకున్నాడు.

“ఎప్పట్నుంచి?”

“కొన్నాళ్ళ నుంచి.”

“మరి చెప్పలేదేం?” అని అరుస్తాడనుకున్నాను. అరవలేదు. “పద,” అన్నాడు. ఆ రోజు ఆయన పనికి పోలేదు.

మార్కాపురంలో డాక్టరు నెమ్మదిగా మాట్లాడే పెద్దమనిషి. పడుకోబెట్టి ఈసీజీ తీయించాడు. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. లేచి కూర్చోమని, ఒక్కొక్కటే అడిగాడు. పరుగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి వస్తుందా? ఎప్పుడైనా స్పృహ తప్పిందా? రక్తం తక్కువుందని ఎవరైనా అన్నారా? నేను లేదని చెబుతూ వచ్చాను.

“మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో, ఉన్నట్టుండి చనిపోయారా?”

నేను నాయన వైపు తిరిగాను.

“లేరు సార్,” అన్నాడు నాయన. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“అయితే కంగారు పడాల్సిందేం లేదమ్మా. ఈసీజీ బాగుంది. టీ తగ్గించు, సరిగ్గా నిద్రపో, ఏమైనా తిని పరిగెత్తు. ఇంకా ఎక్కువైతే మళ్ళీ రా.”

బయటికొచ్చి బండెక్కాం. ఊరికి ముందు రైలు గేటు వేసి ఉంది. బండి ఆపి కాళ్ళు నేలకానించాడు. మా ముందు రెండు ఆటోలు, గడ్డి ట్రాక్టరు ఒకటి.

“నాయనా, చిన్నాయన సంగతి ఎందుకు చెప్పలా?”

“అది వేరే. వాడికి వడదెబ్బ.”

“డిసెంబర్లో వడదెబ్బ ఏంది నాయనా?”

ఆయన వెనక్కి తిరగలేదు. దూరం నుంచి గూడ్సు బండి వస్తున్న మోత వినిపించింది. అది వచ్చి, మా ముందు నుంచి పెట్టె తర్వాత పెట్టెగా పోతూనే ఉంది. నాయన వీపు తప్ప నాకేమీ కనిపించడం లేదు. ఆ వీపు మీద చొక్కా కొద్దిగా వణుకుతోంది. బండి ఇంజను ఆపేసి ఉందని కాసేపటికి తట్టింది.

గేటు లేచింది. ఆటోలు పోయాయి, ట్రాక్టరు పోయింది. వెనకవాళ్ళు హారన్ కొడుతున్నారు. ఆయన బండిని పక్కకు తోశాడు.

“ఆ మాట డాక్టరు ముందర అంటే నిన్ను పరిగెత్తనియ్యరు,” అన్నాడు పట్టాల వైపే చూస్తూ. “ఎంత చదివినావు నువ్వు. ఇంత దగ్గరికొచ్చి...” గొంతు సవరించుకున్నాడు. “ఇంకోటి కూడా ఉందిలే. బయటికి అంటే అది మన ఇంట్లో ఉన్నట్టే గదమ్మా. అనకపోతే లేనట్టు. అప్పుడు ఎవరో వడదెబ్బ అన్నారు. అదే బాగుందనిపించింది. మీ జేజి కూడా సరే అనింది.”

ఆయన కండువాతో మొహం తుడుచుకుని, బండి తిప్పి మళ్ళీ మార్కాపురం వైపే పోనిచ్చాడు.

మమ్మల్ని చూసి డాక్టరు ఆశ్చర్యపోలేదు. నాయన కూర్చోకుండా, నిలబడే చెప్పాడు. వాలీబాల్, పండగ, కాళ్ళానేటప్పటికే మనిషి లేకపోవడం. ఇన్నేళ్ళలో ఆయన ఆ సంగతి పూర్తిగా చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

“మీకేమవుతాడు?”

“తమ్ముడు సార్. సొంత తమ్ముడు.”

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “ఒంగోలులో గుండె డాక్టరు దగ్గరికి రాసిస్తాను. ఆ పరీక్షలయ్యేదాకా పరుగు ఆపమ్మా. అమ్మాయికి ఒక్కదానికే కాదు, మీరూ చేయించుకోండి.”

“నాకేంది సార్? రోజూ బస్తాలు మోస్తా నేను.”

“అందుకే చెబుతున్నా,” అన్నాడు డాక్టరు.

మా అమ్మ దయామణి కూలికి మిరప చేలకు పోయేది. ఆ సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుంటూ అంతా వింది. ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, “నేను ప్రార్థన చేస్తా. మీరు పరీక్ష చేయించండి. రెండూ చేయాల్సిందే,” అంది. నాయన తల ఊపాడు. జేజి వసారాలోనే కూర్చుని ఉంది. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.

పరుగు ఆపేసిన ఆ రోజులు నాకు పరుగు కంటే భారంగా గడిచాయి. సురేష్ అన్నకు జ్వరమని చెప్పాను. ఇంట్లో ఊరికే కూర్చున్నా గుండె తడబడేది. మంచం మీద ఎడమవైపు తిరిగితే దిండులో వినిపించేది. నీళ్ళు తోడుతున్నా, అంట్లు తోముతున్నా ఒక చెవి లోపలికే. గుడిని రంగు కాగితాలతో అలంకరించడానికి అందరితో పాటు నేనూ పోయాను. నిచ్చెన ఎక్కి తోరణం కట్టమంటే, ఎవరూ చూడకుండా మెట్టు మెట్టుకూ ఆగాను. క్రిస్మస్ రోజున నాయన కొత్త చొక్కా వేసుకుని గుడి వెనక వరసలో నిలబడ్డాడు. అందరూ పాడుతున్నారు. ఆయన నోరు కదలడం లేదు. బడి ఆవరణలో కుర్రాళ్ళు ఆటలకు గీతలు గీస్తుంటే అటు చూడకుండా నడిచి ఇంటికొచ్చేశాడు.

పండగ అయిన తర్వాత నాయనా నేనూ ఒంగోలు పోయాం. ఆసుపత్రి వాళ్ళు నా ఛాతీకి తీగలు అంటించి, నడుముకు చిన్న పెట్టె కట్టి, ఒక రోజంతా ఉంచుకోమన్నారు. మర్నాడు ఎకో అని గుండెకు స్కానింగు తీసి, ట్రెడ్‌మిల్ ఎక్కించారు. కింద పట్టా కదులుతుంటే నేను నడిచాను, తర్వాత పరిగెత్తాను. మొదట్లో ఒకటి తడబడింది. తెర వైపు చూశాను. పక్కనున్న నర్సమ్మ, “చూడొద్దు పాపా, ముందుకు చూసి పరిగెత్తు,” అంది. వేగం పెంచారు. ఊపిరి ఎగపోస్తోంది. కాళ్ళు మండుతున్నాయి. లోపల మాత్రం గుండె ఒకే తీరుగా, ఒక్కటి కూడా తప్పకుండా కొట్టుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియలేదు.

గుండె డాక్టరు ఒక యువతి. కాగితాలన్నీ ముందు పెట్టుకుని నాతోనే మాట్లాడింది.

“నీ గుండె ఎకోలో బాగుంది దీవెనా. మధ్యమధ్యలో ఒక దెబ్బ ముందుగా పడుతోంది. దాని తర్వాత చిన్న విరామం వస్తుంది కదా, నీకు తెలిసేది అదే. చాలామందికి ఉంటుంది, చాలామందికి తెలియను కూడా తెలియదు. పరుగు పెరిగేకొద్దీ నీకవి పోయాయి. అది మంచి గుర్తు.”

“నేను పరిగెత్తొచ్చా మేడమ్?”

“పరిగెత్తొచ్చు. కళ్ళు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆపాలి. ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలి. ఎందుకో చెబుతాను, ముందు నాన్నగారిది చూడనీ.”

నాయనను పడుకోబెట్టి ఎకో తీశారు. నాకు తీసినప్పటికంటే చాలాసేపు పట్టింది. తలుపు సందులోంచి ఆయన పాదాలు కనిపిస్తున్నాయి. డాక్టరమ్మ ఇంకొకరిని పిలిచి తెర చూపించింది. ఇద్దరూ చిన్నగా మాట్లాడుకున్నారు. అప్పటిదాకా నా గుండె గురించి తప్ప ఇంకెవరి గుండె గురించీ నేను భయపడలేదు.

బయటికొచ్చి ఆమె ఇద్దరినీ కూర్చోబెట్టింది. నాయన గుండెలో లోపలి గోడ ఉండాల్సిన దానికంటే బాగా మందంగా ఉందంది. అది కుటుంబంలో రక్తంతో వచ్చే గుణమంది. కొందరికి జీవితాంతం తెలియదు, కొందరికి ఒక్కసారే, ఒళ్ళు బాగా శ్రమపడుతున్నప్పుడు తెలుస్తుంది. తమ్ముడికీ ఇదే అయి ఉంటుంది. నాకు ఇప్పటికి లేదు, ముందు ముందు రావచ్చు, రాకపోవచ్చు. అందుకే ఏటేటా రమ్మనడం.

“బరువులు ఎత్తకూడదు. పరిగెత్తకూడదు. మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదు. నెల తర్వాత మళ్ళీ రండి, ఇంకేం చెయ్యాలో అప్పుడు చూద్దాం.”

“సరే మేడమ్,” అన్నాడు నాయన, ఎవరో వేరే మనిషి గురించి విన్నట్టు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. పొదిలి దాటాక, “నీకు బాగుందన్నారు గదా. చాలు,” అన్నాడు. అంతే.

ఇంటికొచ్చాక జేజి ఒక్కటే అడిగింది. “రక్తంలో వస్తుందన్నారే. నా తట్టు నుంచి వచ్చిందా, మీ తాత తట్టు నుంచా?”

అది డాక్టరు చెప్పలేదు. జేజి తన చేతులను తిప్పి తిప్పి చూసుకుంది.

నేను మళ్ళీ మైదానానికి పోవడం మొదలుపెట్టాను. నాయన ఎప్పటిలాగే తీసుకొచ్చేవాడు, చూసేవాడు, పోయేవాడు. ముఠాలో చెప్పి తేలిక పని చేస్తున్నానని అమ్మతో అన్నాడు. మేం నమ్మాం. ఒకరోజు పరుగయ్యాక నేను ఇంటికి పోయే బస్సు రాలేదు. బస్టాండులో ఎవరో అది చెడిపోయిందన్నారు. సరే, నాయన దగ్గర కూర్చుందామని గోడౌన్ల వైపు నడిచాను.

గోడౌన్ ముందు లారీ ఆగి ఉంది. లారీకి ఆనించిన ఏటవాలు బల్ల మీద మనుషులు బస్తాలతో ఎక్కుతున్నారు. మూడో మనిషి మా నాయన. కందుల బస్తా మెడ మీద పెట్టుకుని, వంగి, నోరు తెరిచి ఊపిరి తీసుకుంటూ ఎక్కుతున్నాడు. మెడ పక్కన నరం ఉబ్బి ఉంది. అది కొట్టుకోవడం అంత దూరం నుంచి నాకెలా కనిపిస్తుంది? కానీ కనిపించింది.

ముఠా మేస్త్రి గురవయ్య మామ కాంటా దగ్గర నిలబడి ఉన్నాడు. చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన మనిషే. నేరుగా ఆయన దగ్గరికి పోయాను.

“మామా, మా నాయనకు గుండె జబ్బు. బస్తా ఎత్తకూడదని ఒంగోలులో చెప్పినారు.”

మెల్లగానే అన్నాను అనుకున్నాను. కానీ అందరూ విన్నారు. బల్ల మీద నడక ఆగిపోయింది.

“ఎవరు చెప్పినారు నీకు?” నాయన బస్తా కిందనుంచే అరిచాడు. “బాగున్నా నేను. నీకేం పని ఇక్కడ? పో ఇంటికి!”

“ప్రకాశం, దించు,” అన్నాడు గురవయ్య మామ.

“గురవన్నా, చిన్నపిల్ల మాట పట్టుకుని...”

“దించు ముందు.” గురవయ్య మామ గొంతు పెంచలేదు. “జయపాల్‌ను బడికాన్నుంచి ఇంటికి మోసుకొచ్చినోళ్ళలో నేనూ ఉన్నా. నన్ను ఇంకోసారి మొయ్యమంటావా?”

నాయన బల్ల మీద అలాగే నిలబడ్డాడు. తర్వాత మెల్లగా వెనక్కి దిగి, బస్తాను పసిబిడ్డను దించినట్టు నేల మీద ఆనించాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. నా వైపు చూడకుండా, ఎవరివైపూ చూడకుండా బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. కోపంగా ఉండేవాడు కూడా కాదు. నేను గదిలోకి వస్తే లేచి పోయేవాడు. పొద్దున్నే మా అమ్మ ఎవరినో బతిమాలి నన్ను పాల ఆటోలో మార్కాపురం పంపేది. నాయన రోజంతా వసారాలో కూర్చుని రోడ్డు మీద పోయే లారీలను చూసేవాడు. మాత్రల అట్ట గూట్లో ఎక్కడ పెట్టింది అక్కడే ఉండేది, ఒక్కటి కూడా చిరగకుండా. వాటిని చూసినప్పుడల్లా నా గుండె తడబడినప్పటికంటే ఎక్కువ భయమేసేది. ఉద్యోగం వస్తుందో రాదో తెలియదు. నాయన పని మాత్రం పోయింది. పోగొట్టింది నేనే. అయినా ఇంకోసారి ఆ గోడౌన్ ముందు నిలబెడితే మళ్ళీ ఆ మాటే అంటానని నాకు తెలుసు.

ఒక సాయంత్రం గురవయ్య మామ ఇంటికొచ్చాడు. అమ్మ కుర్చీ వేసింది.

“గోతాలు కుట్టే పని ఉంది ప్రకాశం. కూర్చుని చేసేది. షావుకారుతో మాట్లాడినా.”

“అది ఆడోళ్ళ పని గదన్నా.”

“మూతి కుట్టకపోతే మేం మోసే బస్తా యాడ నిలబడుతుంది?”

నాయన నేల చూపులు చూశాడు. అప్పుడు లోపలి నుంచి జేజి గోడ పట్టుకుని వచ్చింది. ఆయన ముందు నిలబడింది.

“ఇద్దరు మగపిల్లల్ని కన్నా నేను. ఒకడికి నీళ్ళు మోసుకుపోతే తాగలా. నువ్వన్నా నా మాట విను. కూర్చుని కుట్టు నాయనా.”

ఆమె కొడుకును నాయనా అనడం మామూలే. ఆ రోజు మాత్రం వింటున్న మా అందరికీ తల దించుకోవాలనిపించింది. గురవయ్య మామ టీ తాగి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున నేను ఆటో ఎక్కుతుంటే నాయన స్నానం చేసి, తల దువ్వుకుంటున్నాడు. ఎక్కడికని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

జనవరి చివర్లో మా ఈవెంట్స్ పడ్డాయి. ఒంగోలుకు అమ్మ తోడొచ్చింది. పోలీసు మైదానం బయట గేటు దగ్గర చెట్టు కింద ఆమెను వదిలి, నెంబరు తగిలించుకుని లోపలికి పోయాను. పొద్దుటి ఎండ అప్పుడే మైదానం మీదికి వస్తోంది. వరసలో నిలబడినప్పుడే ఒకటి తడబడింది. చేయి మెడ దగ్గరికి పోబోయింది. పోనివ్వలేదు.

విజిల్ ఊదారు. గుంపులో మోచేతులు తగులుతున్నాయి. మొదటి చుట్టు అందరి మధ్యలో పోయింది. రెండో చుట్టులో మళ్ళీ వచ్చింది, ఆ ఖాళీ, ఆ వెనక గట్టి పోటు. ఇదివరకైతే నేను అక్కడే వేగం తగ్గించేదాన్ని. భయపడి నెమ్మదించినప్పుడే అవి ఎక్కువ తెలిసేవని ట్రెడ్‌మిల్ మీద తెలుసుకున్నాను. కళ్ళు తిరగడం లేదు. నొప్పి లేదు. ఆ రెండూ లేవని నన్ను నేనే అడిగి చెప్పుకుని అంగలు సాచాను. భయం పోలేదు. అది నాతోనే పరిగెత్తింది. కాకపోతే పక్కన పరిగెత్తింది, అడ్డం రాలేదు.

చివరి చుట్టులో నా ముందున్న ఇద్దరిని దాటాను. గీత దాటాక చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నిలబడితే, చెమట మట్టిలో పడుతోంది. బల్ల దగ్గర కూర్చున్న మహిళా ఎస్సై నా నెంబరు చూసి, “క్వాలిఫైడ్,” అని పక్కకు పొమ్మంది. మిగిలిన రెండు పరీక్షలు మధ్యాహ్నానికి అయిపోయాయి.

గేటు బయటికొచ్చి చెబితే అమ్మ నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని నుదుటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. పక్కవాళ్ళు చూస్తున్నా ఆపలేదు. తర్వాత ఫోన్ తీసి, నెంబరు నొక్కి, తాను మాట్లాడకుండా నా చేతికిచ్చింది.

“ఆఁ,” అన్నాడు నాయన. గోడౌన్ దగ్గర ఆ రోజు తర్వాత నాకు నేరుగా వినిపించిన ఆయన మొదటి మాట.

“నాయనా, నేను. అయిపోయింది. క్వాలిఫై అయినా.”

దూరంగా లారీ వెనక్కి తీస్తున్న శబ్దం, ఎవరో రానీ రానీ అనడం.

“తడబడిందా?” అన్నాడు.

“తడబడింది.”

“ఆగినావా?”

“ఆగలా.”

ఆయన ఊపిరి వదిలాడు. నేను అడిగాను, “నువ్వు యాడున్నావు?”

“గోడౌన్లో. కుడతాన్నా. దబ్బనం వేళ్ళకు గుచ్చుకుంటాంది, ఇంకా అలవాటు కాలా. మాత్ర ఏసుకున్నా పొద్దున. ఏసుకుందాకా మీ జేజి కదల్లా ముందర్నుంచి.”

అమ్మ నా మొహంలోకే చూస్తోంది.

“మీరిద్దరూ ఏమన్నా తినండి ముందు. ఉంటా, పని ఉండాది,” అన్నాడు.

ఉంటానన్నాడు గానీ ఫోన్ పెట్టలేదు. గోతం లాగిన చప్పుడు వినిపించింది, దారం బర్రుమని సాగిన చప్పుడు వినిపించింది. నేనూ పెట్టలేదు.